సైంతీస్, సైంతాలీస్

ఈ ఫిబ్రవరిలో హిమాయత్ సాగర్ బాగా వెనక్కి జరిగింది.
అది వదిలేసిన నల్లటి బురదలో
మోకాళ్లదాకా దిగి
మునవ్వర్ భాయ్ పాదాలతో వెతుకుతున్నాడు.
కళ్లకు దొరకనివి కాలివేళ్లకు దొరుకుతాయంటాడు.
వంగి, చెయ్యి పెట్టి, ఒక్కో ఆల్చిప్పనూ
నీళ్ల బకెట్లోకి జారవిడుస్తాడు,
ఉల్లిగడ్డలు ఏరినట్టు కాదు,
నిద్రపోయిన పిల్లను పక్క మార్చినట్టు.

ఆరేళ్లు మా పని ఇదే.
ఆయన కొలిచేవాడు, నేను రాసేదాన్ని.
పొడవు, వెడల్పు, మందం, బరువు.
ఆయన నోట్లో ఉర్దూ, నా పెన్సిల్లో తెలుగు,
మధ్యలో రింగ్ రోడ్డు మీద లారీల హోరు.

అట్లనే రెండువందల పన్నెండో చిప్ప
ఒక్క ఏడాదిలో పది మిల్లీమీటర్లు కుంచించుకుపోయింది.
సైంతాలీస్ అన్నాడాయన.
సైంతీస్ అని విన్నాను నేను.
మా గైడ్ గారు ఆ గీత మీద వేలు పెట్టి
"పెంకు ఎట్లా తగ్గుతుందమ్మా,
బెంగ పెట్టుకుందా?" అన్నారు.
అందరూ నవ్వారు.
ఆ రాత్రి పాత పుస్తకాలన్నీ తిరగేశాను,
తడిసి ఆరిన కాగితాలు అప్పడాల్లా విరుగుతుంటే.
అట్లాంటివి ఇంకో పద్దెనిమిది దొరికాయి.
దొరకనివెన్నో.

ఇప్పుడు నర్మద చేసిన డబ్బా వచ్చింది.
కోఠీ గుజరాతీ గల్లీలో బేరమాడి కొన్న తీగలు,
టిఫిన్ బాక్సు మూతకు బెజ్జం పెట్టి బిగించిన మీట.
కాలిపర్ దవడలు చిప్పను పట్టుకోగానే
కాలితో నొక్కితే చాలు,
అంకె ఎవరి నోటా పడకుండా
తిన్నగా వెళ్లి తెర మీద తన గడిలో కూర్చుంటుంది.
త్రాసూ అంతే.
గాలికి గొడుగు అడ్డం పెట్టడమే
దానికి మాతో పని.

మగ్రిబ్ వేళకు గాని తెమలని వంద చిప్పలు
పదకొండింటికల్లా అయిపోవచ్చాయి.
నాకేం చెయ్యాలో తోచలేదు.
పెన్సిలు చెక్కుకున్నాను.

త్రాసు మాత్రం ఒక్కోసారి తడబడేది.
పళ్లెంలో పడగానే చిప్ప
మూతి కాస్త తెరిచి నీళ్లు ఉమ్మేది.
పద్నాలుగు, పదమూడున్నర, పదమూడు...
మూడు సెకన్లు నిలకడగా ఉంటేనే అది బరువంటుంది యంత్రం.
ప్రాణమున్నది అంతసేపు ఎందుకు నిలబడాలి?
అది కడుపులో మోసుకొచ్చిన ఆ గుక్కెడు చెరువును
లెక్కలో వెయ్యాలా, తీసెయ్యాలా?

మునవ్వర్ భాయ్ అయితే
పాత తువ్వాలులో చుట్టి, పది లెక్కపెట్టి,
చెవి దగ్గర పెట్టుకుని
"అబ్ బోలో" అనేవాడు దానితో.
ఆ పది ఎంత పొడుగో
ఏ పుస్తకంలోనూ నేను రాయలేదు.
నర్మద ఆయన పక్కన చెప్పులు విడిచి కూర్చుని
ఫోన్లో గడియారం పెట్టింది.
పదకొండు సెకన్లు.
మళ్లీ చూసింది. పదకొండే.
దాన్నీ డబ్బాకు నేర్పింది.

చివర్లో 'వివరాలు' అని ఒక గడి, పొద్దున్నుంచీ ఖాళీగా.
నా పాత రాతల్లో అక్కడ
"అంచు విరిగింది",
"వేలు పట్టుకుంది, వదల్లేదు",
"కాలు లోపలికి తీసుకోలేదు, భయం లేదేమో"
అని ఉండేవి.
ఏ పట్టికలోకీ ఎక్కలేదవి.

ఎండ నడినెత్తికొచ్చాక దొరికింది రెండువందల పన్నెండు.
నా గోళ్లరంగుతో వేసిన అంకె సగం చెరిగి,
రెండు మాత్రం గట్టిగా అంటుకుని.
దవడలు మూసుకున్నాయి. మీట టిక్కుమంది.
ఎండకు తెర ఎవరికీ కనిపించట్లేదు.
ఎవరూ అడగలేదు కూడా.
అయినా మునవ్వర్ భాయ్ అలవాటుగా
లారీల మీదుగా కేకేశాడు,
"ఉన్చాస్!"

"ఉన్చాస్" అని తిరిగి చెప్పాను నేను.
ఆరేళ్లలో ఒక్కసారి కూడా
అట్లా తిరిగి చెప్పలేదు.

ఆయన తలూపి, చిప్ప తీసుకుని
మళ్లీ బురదలోకి దిగాడు,
ఏ వైపు కిందికి గుచ్చాలో
బొటనవేలితో తడుముకుంటూ.